చెప్పకుండా తప్పుకున్నాం

డెబియన్ అనే లినక్స్ పంపిణీ వాడేవాళ్లకు మేమిచ్చిన మాట ఒకటుంది. సాఫ్ట్‌వేర్ కోసం ఊరంతా తిరగక్కర్లేదు, మా భాండాగారంలో ఉంటే ఒక్క ఆదేశంతో వచ్చేస్తుంది, ఆ విడుదల బతికున్నంతకాలం దాని లోపాల సంగతి మేం చూసుకుంటాం. 1993లో మొదలైన ప్రాజెక్టు ఇన్నేళ్లు నిలబడిందంటే ఈ నమ్మకమే కారణం. ఎడిటర్లు, కంపైలర్లు, మెయిల్ సర్వర్ల దగ్గర మాట చాలామట్టుకు నిలబెట్టుకున్నాం. వెబ్ అప్లికేషన్ల దగ్గర తప్పాం. నిలబెట్టుకోలేమని తెలిసొచ్చాక కూడా కొత్తవాళ్లకు అదే మాట ఇస్తూ పోయాం. చేతకాకపోవడాన్ని క్షమించొచ్చేమో గానీ, ఈ రెండోదానికి ఏం చెప్పుకోవాలో తెలియదు.

మేమంటే ఎక్కడెక్కడో ఎవరెవరో రాసిన ప్రోగ్రాములను తెచ్చి, లైసెన్సులు పరిశీలించి, మా పద్ధతికి తగ్గట్టు సర్ది, ఆ పంపిణీలో చేర్చే ప్యాకేజీదారులం. ఎక్కువమందిమి జీతం లేకుండానే చేస్తాం. ఆ సంగతి ఇప్పటిదాకా చాలాసార్లు సాకుగా వాడుకున్నాం కాబట్టి ఇక్కడ వదిలేస్తాను.

వెబ్‌సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్ సంగతే చూడండి. దాన్ని రాసినవాళ్ల ఊహలో ప్రోగ్రాము, థీములు, ప్లగిన్లు, ఎక్కించిన ఫొటోలు అన్నీ ఒకే ఫోల్డరులో ఉంటాయి. బ్రౌజరులోంచే ప్లగిన్ దించుకుంటారు, అప్‌డేట్ నొక్కుతారు. మా నియమాలు వేరు. ప్రోగ్రాము ఫైళ్లు ఒకచోట, సెట్టింగులు ‘ఈటీసీ’ ఫోల్డరులో, రోజూ మారే డేటా ‘వార్’ ఫోల్డరులో ఉండాలి. ప్రోగ్రాము ఫైళ్ల మీద యంత్రం నిర్వాహక ఖాతా అయిన రూట్‌కు తప్ప ఎవరికీ రాసే హక్కు ఉండకూడదు. యూనిక్స్ సంప్రదాయంలో పెరిగినవాళ్లకు ఇది ప్రాణసమానం, నాకూ అంతే. కాకపోతే 2013లో 3.7 వెర్షన్‌తో వర్డ్‌ప్రెస్ తన భద్రతా సవరణలు తానే దించుకోవడం నేర్చింది. చేత్తో జిప్ ఫైలు విప్పుకుని పెట్టుకున్నవాడి సైటు రాత్రికి రాత్రి సర్దుకునేది. మమ్మల్ని నమ్మి ప్యాకేజీ వేసుకున్నవాడి సైటు మాలో ఎవరికో తీరిక దొరికేదాకా ఆగేది. ఈ రెండోదాన్ని మేం సురక్షితమైన పద్ధతి అన్నాం.

తీరిక దొరికినా పని జరిగేది కాదు. స్థిరమైన విడుదలలో వెర్షన్ మార్చం, పాత వెర్షన్‌కే సవరణ అతికిస్తాం, అది మా ఆచారం. అయితే ఏ లోపానికి ఏ మార్పు చేశారో వర్డ్‌ప్రెస్ వాళ్లు విడదీసి చూపించేవారు కాదు. అందుకే 2012 మేలో డెబియన్ భద్రతా ప్రకటనలోనే ఒప్పుకోవలసి వచ్చింది: అతుకులు సాధ్యం కావడం లేదు, నేరుగా 3.3.2కే మారుస్తున్నాం అని. ఆనాడే కూర్చుని ఆలోచించి ఉండాల్సింది. ఒక్క ప్యాకేజీకి మినహాయింపు ఇచ్చి, నియమం గెలిచిందన్నట్టు ముందుకు సాగిపోయాం. వెబ్ అప్లికేషన్లకు ప్రత్యేక విధానం కావాలని 2005 ప్రాంతంలోనే కొందరు ముసాయిదా రాశారు. అది ముసాయిదాగానే మిగిలిపోయింది.

జావాస్క్రిప్ట్ దగ్గర మా పట్టుదల ఇంకో రకం. కుదించిన ఫైలు ఇస్తే చాలదు, మనిషి చదివి మార్చగలిగే అసలు రూపం ఉండాలన్నాం. దీన్ని ఇప్పటికీ సమర్థిస్తాను. ఒకే లైబ్రరీ పది అప్లికేషన్ల కడుపుల్లో పది కాపీలుగా ఉండకూడదనీ అన్నాం. లోపం బయటపడితే ఒక్కచోట బాగుచేసి ఊరుకోవచ్చు కదా! సీ భాష లైబ్రరీలకు ఇది నిజంగా గొప్ప ఏర్పాటు. వెబ్‌లో మాత్రం ఒక అప్లికేషన్ రాసినవాళ్లు జేక్వెరీ అనే లైబ్రరీని ఏ వెర్షన్‌తో పరీక్షించారో దాని వరకే హామీ ఇవ్వగలరు. మేం దాన్ని పీకేసి మా భాండాగారంలోది తగిలించేవాళ్లం. ఎక్కడో ఓ మెనూ తెరుచుకోదు. వాడేవాడు వెళ్లి అసలు రచయితలకు మొరపెట్టుకుంటే, వాళ్లు నెత్తి కొట్టుకుని ‘ఆ డెబియన్ ప్యాకేజీ తీసేసి మా దగ్గర దించుకో’ అనేవాళ్లు. ఆ మాట వింటే మాకు ఒళ్లు మండేది. వాళ్లకు క్రమశిక్షణ లేదని మాలో మేం చెప్పుకునేవాళ్లం. మేం పగలగొట్టినదానికి వాళ్లెందుకు జవాబు చెప్పాలని మాలో అడిగినవాళ్లు తక్కువ.

ఓన్‌క్లౌడ్ కథ ఇంతకంటే చేదు. సొంత ఫైళ్లు, క్యాలెండరు, చిరునామాలు గూగుల్ చేతిలో పెట్టకుండా సొంత సర్వర్లో దాచుకునే సాఫ్ట్‌వేర్ అది. మా ఆశయాలకు అంతకంటే దగ్గరి బంధువు దొరకదు. 2014లో ఓన్‌క్లౌడ్ వాళ్లు ఉబుంటు అనే మరో లినక్స్ పంపిణీని బహిరంగంగా కోరారు, మీ దగ్గరున్న పాత వెర్షన్‌లో భద్రతా లోపాలున్నాయి, దయచేసి తొలగించండి అని. ఉబుంటులో అలాంటి ప్యాకేజీలు చాలామట్టుకు డెబియన్ నుంచి వెళ్లినవే. రాసినవాళ్లే వచ్చి మా వస్తువు మీ అంగట్లో ఉంచకండని బతిమాలుకునే దాకా వచ్చింది వ్యవహారం. డెబియన్ 8లో వెర్షన్ 7 ఉండేది. ఓన్‌క్లౌడ్‌లో ప్రధాన వెర్షన్లు ఒక్కొక్కటే ఎక్కాలి, మధ్యలో దూకితే డేటాబేస్ మార్పిడికి వాళ్ల బాధ్యత లేదు. మా విడుదలలు రెండేళ్లకోసారి వస్తాయి. ఆ రెండేళ్లలో వాళ్లు రెండు మూడు మెట్లు ఎక్కేసి ఉంటారు. ఈ లెక్క కుదరదని తెలుసుకోవడానికి ప్యాకేజీ చేసి, జనం చేత వాడించి చూడాలా? మొదటి రోజే కాగితం మీద తేలేది. 2016లో డెబియన్‌లోంచి దాన్ని తీసేశాం.

తీసేయడంలో తప్పులేదు. తీసేసిన తీరు తప్పు. భాండాగారంలోంచి ప్యాకేజీ పోయినా వాడేవాడి యంత్రంలో అది నడుస్తూనే ఉంటుంది. రోజూ అతను ప్యాకేజీలు తెచ్చే ఆప్ట్ ఆదేశం నడుపుతాడు. అప్‌డేట్ చేయాల్సినవేమీ లేవని జవాబొస్తుంది. అంటే అన్నీ బాగున్నాయని అతను అనుకుంటాడు, అనుకోవాలనే కదా ఇన్నేళ్లూ అలవాటు చేశాం. కాపలా మానేసిన గూర్ఖా ఇంటివాళ్లకు చెప్పకుండా వెళ్లిపోతే ఎలా ఉంటుందో ఇదీ అంతే. విడుదల నోట్సులో పాతబడిన ప్యాకేజీల గురించి రాస్తాంగా అని మావాళ్లు అంటారు. ఇంట్లో ఫొటోలు దాచుకోవడానికి చిన్న సర్వర్ పెట్టుకున్న మనిషి ఆ నోట్సు మొత్తం చదువుతాడని అనుకోవడం మా సౌకర్యం కోసమే.

కోడ్ దాచుకుని కలిసి పనిచేసుకునే సాఫ్ట్‌వేర్ గిట్‌ల్యాబ్ దగ్గర మేం కష్టపడలేదని ఎవరూ అనలేరు. దాని ప్యాకేజీ పనిని ముందుండి నడిపినవాళ్లలో మన దేశపు కుర్రవాళ్లున్నారు. అది వాడే లైబ్రరీలు, అంటే వందల రూబీ జెమ్‌లు, నోడ్ మాడ్యూళ్లు ఒక్కొక్కటీ విడి ప్యాకేజీ కావాలి, ఒక్కొక్కదాని కాపీరైటూ తనిఖీ కావాలి. అసలు ప్రాజెక్టేమో నెలకో విడుదల చేస్తుంది. 2017 నాటి డెబియన్ 9లో అది చేరింది, 2019లో వచ్చిన డెబియన్ 10లో లేదు. మధ్యలో 2018లో డెబియన్ తన సొంత కోడ్ కోసం సల్సా అనే గిట్‌ల్యాబ్ సర్వర్ పెట్టుకుంది. దాన్ని డెబియన్ ప్యాకేజీతో నడపలేదు. నిర్వాహకుల నిర్ణయాన్ని తప్పుపట్టను, వాళ్ల స్థానంలో ఉంటే నేనూ అదే చేసేవాణ్ణి. మా ఇంట్లో మేం తినని వంట అతిథికి వడ్డించామన్నదే నా బాధ.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ న్యాయవాది ఎబెన్ మోగ్లెన్ 2010లో తలపెట్టిన ఫ్రీడమ్‌బాక్స్ అనే సొంత సర్వర్ ప్రాజెక్టు పూర్తిగా డెబియన్ మీద ఆధారపడింది. దాన్ని కట్టినవాళ్లలో హైదరాబాద్ డెవలపర్లున్నారు, దాని తెరలు తెలుగులోనూ కనిపిస్తాయి. డెబియన్‌లో ఉన్నవే ఇస్తామని వాళ్లు నియమం పెట్టుకున్నారు, మమ్మల్ని అంతగా నమ్మారు. జనం ఏళ్లతరబడి అడిగిన నెక్స్ట్‌క్లౌడ్, అంటే ఓన్‌క్లౌడ్ నుంచి 2016లో చీలి వచ్చినది, చివరికి 2024లో అక్కడ డెబియన్ ప్యాకేజీగా కాకుండా కంటెయినర్ రూపంలో చేరింది. మేం ఇవ్వలేకపోయాం కాబట్టి పక్కదారి తొక్కక తప్పలేదు.

ఇది అసాధ్యమైన పని కూడా కాదు. వికీలు నడిపే మీడియావికీ డెబియన్ 8లో లేదు, 9లో తిరిగొచ్చింది. ఆ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లలో ఒకరే ప్యాకేజీ బాధ్యత తీసుకున్నారు. వాళ్లు ఏళ్లతరబడి మద్దతిచ్చే వెర్షన్‌నే ఎంచి పెట్టారు. డేటాబేసులు చూసుకునే పీహెచ్‌పీమైఅడ్మిన్ కూడా 10లో మాయమై 11లో మళ్లీ కనిపించింది, అసలు బృందం మనిషి చెయ్యి వేశాకే. ఈ రెండింటిలోనూ పనికొచ్చింది ఇవతలి క్రమశిక్షణ కాదు, అవతలివాళ్లతో కూర్చుని మాట్లాడుకోవడం. కొత్త వెబ్ అప్లికేషన్ వచ్చినప్పుడు లైసెన్సు గురించి గుచ్చి గుచ్చి అడుగుతాం. రాసినవాళ్లు కలిసొస్తున్నారా, వాళ్ల మద్దతు మా విడుదల కంటే ముందే ముగుస్తుందా, రేపు దీన్ని తీసేయాల్సివస్తే వాడేవాడికి ఎలా తెలుస్తుంది అని మాత్రం ఇప్పటికీ అడగం. అడిగితే సగం లోపలికి రావు. సంఖ్య తగ్గుతుందని మాకు బెంగ. 2023లో డెబియన్ 12 వచ్చినప్పుడు 64 వేల పైచిలుకు ప్యాకేజీలున్నాయని ఘనంగా ప్రకటించుకున్నాం. వాటిలో వెబ్ అప్లికేషన్లు ఎన్ని, ఎన్నింటికి విడుదల ముగిసేదాకా చూసుకునే మనిషి ఉన్నాడు అన్న లెక్క ఆ ప్రకటనలో రాయలేదు.