వేలిముద్రకు అరవై రోజులు

దత్తత చెల్లదంటూ కన్నతల్లి కోర్టుకు వెళ్తే ముందు తేలవలసింది ఆమె ఒప్పుకోలు సంగతి. బిడ్డను ఇచ్చేస్తానని ఎప్పుడు, ఎవరి ఎదుట, ఏం తెలిసి ఒప్పుకుంది? తక్కిన వాదనలన్నీ దీని తరువాతే.

1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం ప్రకారం సక్రమంగా జరిగిన దత్తతను ఎవరూ రద్దు చేయలేరు. కన్నవారి మనసు మారినా బిడ్డ వెనక్కి రాదు. కాబట్టి ఆ దత్తత మొదటినుంచీ చెల్లనిదేనని తల్లి చూపాలి: తన అనుమతి లేకుండా భర్త ఇచ్చాడనో, బిడ్డను చేతికిచ్చి పుచ్చుకోవడం జరగనే లేదనో. దత్తపత్రం రిజిస్టరై ఉంటే కోర్టు దాన్ని నిజమనే అనుకుంటుంది. కాదని రుజువు చేసే భారం ఆమెదే.

2015 నాటి బాల న్యాయ చట్టం దారి వేరు. బిడ్డను పెంచలేని తల్లి బాలల సంక్షేమ కమిటీ ఎదుట సరెండర్ పత్రం రాసివ్వాలి. మనసు మార్చుకోవడానికి ఆమెకు రెండు నెలల గడువుంది. ఆ తరువాత కమిటీ బిడ్డను దత్తతకు అర్హమని ప్రకటిస్తుంది. 2022 సెప్టెంబరు నుంచి తుది ఉత్తర్వు కోర్టు బదులు కలెక్టరు ఇస్తున్నారు. బాలింతకు అరవై రోజులంటే ఎంత? ఒళ్లు కుదుటపడి, ఇంట్లోవాళ్లకు ఎదురు చెప్పే బలం వచ్చేసరికే అవి అయిపోతాయి. పైగా ఉందని తెలిసినవారికే అది గడువు. కమిటీ ఎదుటికి వచ్చిన ప్రతి తల్లికీ ఆమె మాట్లాడే భాషలో, లంబాడీ అయినా ఒడియా అయినా, గడువు ఏ రోజుతో తీరుతుందో చెప్పి, ఆ తేదీ రాసిన కాగితం చేతికివ్వాలి.

తెలియని తల్లుల కథ తెలంగాణ చూసిందే. 1999లో, మళ్లీ 2001లో హైదరాబాద్ దత్తత సంస్థల మీద కేసులు వచ్చినప్పుడు, తండాల నుంచి లంబాడా ఆడశిశువులను మధ్యవర్తులు కొని తెస్తున్నారని బయటపడింది. పత్రం ఉన్నా అందులో ఏముందో చదువుకోలేని తల్లులు వాళ్లు. ప్రైవేటు సంస్థలు తల్లుల నుంచి నేరుగా పిల్లలను తీసుకోవడాన్ని 2001లో ప్రభుత్వం నిషేధించింది. అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యుడు డేవిడ్ స్మోలిన్ 1998లో ఇక్కడి అక్కచెల్లెళ్లిద్దరిని దత్తత తీసుకున్నారు. చదువుకుంటారని తల్లి హాస్టల్లో చేర్చిన పిల్లలు వాళ్లు. ఆమె ఆచూకీ దొరకడానికి ఏళ్లు పట్టింది.

కేరళలో ఒక తల్లి సకాలంలో కోర్టును చేరగలిగింది. 2020 అక్టోబరులో పుట్టిన తన బాబును తల్లిదండ్రులే తన అనుమతి లేకుండా తీసుకుపోయారని ఆమె ఫిర్యాదు. 2021 ఆగస్టులో ఆ బాబును దత్తతకు ముందరి పెంపకానికి ఆంధ్రప్రదేశ్ దంపతులకు అప్పగించారు. తుది ఉత్తర్వు రాకముందే, అక్టోబరులో, తిరువనంతపురం కుటుంబ న్యాయస్థానం దత్తతను ఆపింది. డీఎన్ఏ పరీక్షలో బాబు ఆమె బిడ్డేనని తేలింది. నవంబరు 24న తల్లి ఒడికి చేరాడు. ఆంధ్ర దంపతులు ఏ తప్పూ చేయలేదు. నెలల తరబడి జోకొట్టిన బిడ్డను తిరిగి ఇచ్చేశారు. ఒప్పుకోలును అధికారులు సరిగా విచారించకపోతే పెంచినవారికీ కడుపుకోతే.

సికింద్రాబాద్‌లో దత్తత ఊసే లేకుండా బిడ్డ చేతులు మారిన కేసు 2025 జూలైలో బయటపడింది. గోపాలపురం పోలీసుల అభియోగం ప్రకారం, సృష్టి ఫెర్టిలిటీ కేంద్రం సరొగసీ పేరుతో రాజస్థాన్ దంపతులకు వేరొకరి శిశువును ఇచ్చింది. డీఎన్ఏ కలవకపోవడంతో విషయం తెలిసింది. డబ్బు తీసుకుని ఇచ్చారంటూ అస్సాం నుంచి వచ్చిన కన్నవారినీ అరెస్టు చేశారు. సరెండర్ పత్రం లేదు, కమిటీ లేదు, రెండు నెలల గడువూ లేదు. ఆ శిశువు విషయంలో చట్టం చెప్పిన దారి ప్రభుత్వ శిశువిహార్‌కు చేర్చాకే మొదలైంది.