ఆచారమన్న నెపం

జపాను వారి పెద్దల యానిమేలలోనూ ఆటలలోనూ ఒకే ఊరు మళ్ళీ మళ్ళీ ఎదురవుతూ ఉంటుంది. కొండల నడుమ ఉంటుంది. రోజుకు ఒకటో రెండో బస్సులు, ఒక గుడి, ఊరందరూ వణికే ఒక పెద్దింటి కుటుంబం, పరాయివాళ్ళకు చెప్పకూడని ఒక జాతర. పట్నం నుంచి ఒక కుర్రవాడు దిగుతాడు. అది భయానక కథ అయితే నరబలి, శృంగార కథ అయితే ఊరి ఆడవాళ్ళంతా "ఆచారం ప్రకారం" అతని వశం కావడం. ఇటువంటి ఊరికి జపానీయులే "ఇన్షూమురా", అంటే దురాచారాల పల్లె అని పేరు పెట్టుకున్నారు. ఈమధ్య అక్కడి జాలంలో అదొక వేళాకోళపు మాట. నాకు మాత్రం నవ్వు రావడం లేదు.

శృంగారపు ఆటలకు ముడిసరుకు "యొబాయి" అనే పాత అలవాటు: రాత్రివేళ పురుషుడు స్త్రీ ఉన్న ఇంటికి వెళ్ళడం. అది నిజంగా ఉన్నదే. జానపద పరిశోధకుడు అకమాత్సు కేయిసుకె (1909–2000) హ్యోగో ప్రాంతపు పల్లెలలో దాని వివరాలు సేకరించాడు. ఎవరు వెళ్ళవచ్చు, ఎవరి ఇంటికి వెళ్ళవచ్చు అన్నదానికి ఊరికొక కట్టుబాటు ఉండేదని, స్త్రీ కాదనగలిగిన సందర్భాలూ ఉండేవని ఆయన రాతల వల్ల తెలుస్తుంది. బలవంతం లేని స్వర్గమేమీ కాదు, ఆయనా అలా అనలేదు. జపాను జానపద విజ్ఞానానికి ఆద్యుడైన యనగితా కునియో ఈ విషయాన్ని పక్కకు నెట్టేశాడని ఆయన ఆగ్రహం. ఇప్పటి ఆటలు యొబాయిని వెనక్కు తెచ్చాయి, కానీ ఆ కట్టుబాట్లు మాత్రం వదిలేశాయి. "ఇక్కడి పద్ధతి ఇంతే" అన్న ఒక్క వాక్యంతో స్త్రీ అంగీకారమన్న ప్రశ్నే మాయమవుతుంది. తప్పు కథానాయకుడిది కాదు, రచయితది కాదు, ఆడేవాడిది అసలే కాదు, ఊరిది! జోగినీ వ్యవస్థను దేవుడి పేర సమర్థించినవారిని చూసిన మనకు ఈ ఎత్తుగడ కొత్త కాదు. 1988లో ఆంధ్రప్రదేశ్ చట్టం నిషేధించిన ఆ వ్యవస్థలోనూ లాభపడ్డవారి పేర్లు ఆచారం చాటునే దాగాయి.

భయానక కథల వంశవృక్షం ఇంకా ఆసక్తికరం. 1938లో ఒకాయామా కొండపల్లెలో క్షయరోగి అయిన ఒక యువకుడు ఒక్క రాత్రిలో 30 మందిని చంపాడు. రోగం, ఆ రోగం వల్ల సైనిక పరీక్షలో తిరస్కారం, ఊరివాళ్ళ వెలి, ఇవన్నీ ఆ కాలపు మనుషుల వ్యవహారాలు. యొకొమిజో సేయిషి ఆ ఘటనను "యత్సుహాకామురా" నవలలోకి తెచ్చి, ఎనిమిదిమంది హతవీరుల శాపం కింద పెట్టాడు. నవల చదివించేదే, కాదనను. 2003లో వచ్చిన "సైరెన్", "జీరో" రెండవ భాగం వంటి ఆటలు పల్లె, శాపం, బలి అన్న ఆ దారినే నడిచాయి.

"హిగురాషి నో నాకు కోరో ని" (2002) దారి వేరు. (ఆడనివాళ్ళు ఈ పేరా దాటెయ్యండి, ముడి విప్పేస్తున్నాను.) గిఫులోని షిరకావాగోను చూసి గీసిన హినమిజావా అనే ఊరు, ఏటా జాతర రాత్రి ఒక చావు, ఒక మాయం. శాపమనే అందరూ అనుకుంటారు. తీరా చూస్తే హత్యల వెనుక ఉన్నది ఒక పరిశోధకురాలు, ఆమె వెనుక "టోక్యో" అనే రహస్య సంస్థ. పైగా ఆ ఊరు ఆనకట్ట కింద మునగవలసి ఉండగా జనం పోరాడి ఆపుకున్నది. 2023 నాటి కితారో చలనచిత్రం "గెగెగె నో నజో" కూడా ఊరి రహస్యాన్ని యుద్ధానికీ, పట్నపు డబ్బుకూ ముడివేసింది.

అదే గిఫులో నిజంగా మునిగిన ఊరు తొకుయామా. 466 కుటుంబాలు ఇళ్ళు వదిలాయి. 1987లో ఊరి పేరే పటం నుంచి పోయింది, 2008లో ఆనకట్ట పూర్తయింది. ఆ ఊరి మసుయామా తజుకో అరవయ్యో ఏట చిన్న కెమెరా పట్టుకుని అక్కడి పండుగలను, ఆటలపోటీలను, వీడ్కోళ్ళను వేలకొద్దీ బొమ్మలుగా తీసింది.

"కల్పన మీద ఇంత కోపమెందుకు?" అంటారు కొందరు. కల్పన మీద కోపం లేదు. హినమిజావా కూడా కల్పనే. పల్లెను దోచిన చేయి ఎవరిదో అడగకుండా, ఖాళీ అయిపోయిన ఇళ్ళలో దయ్యాలనూ పడకలనూ అమర్చి అమ్మేవాళ్ళ మీదనే నా తగాదా.