నోరు తిరిగేదాకా

కొరియన్ అక్షరాలు నాకు వారంలో వచ్చాయి. సామాన్యులు సులువుగా నేర్చుకోవాలనే సేజోంగ్ రాజు 1446లో వాటిని ప్రకటించాడు గనుక, అందులో నా గొప్పేమీ లేదు. మాట మాత్రం ఏడాదైనా రాలేదు! సువోన్ వీధుల్లో బోర్డులన్నీ గడగడా చదివేస్తాను. కూరలమ్మే అవ్వ ఒక్క ప్రశ్న వేస్తే చాలు, బెల్లం కొట్టిన రాయిని. ఉక్రోషం రాదూ మరి?

నిజానికి వాక్యం మనకు కొత్తది కాదు. క్రియ చివరనే, విభక్తులు మాట వెనకనే. పెద్దలతో ఒక తీరు, పిల్లలతో మరో తీరు మాట్లాడడం మన ఇంటి మర్యాదే. తంటా అంతా చెవితోనూ, నాలుకతోనూ. చంద్రుడు, ముసుగు, కూతురు – మూడూ నా చెవికి ఒకే ‘తల్’. వాళ్లకు మూడు వేర్వేరు మాటలు. పైగా ‘మూడూ ఇరవై అయింది’ అనాలంటే గంటలకు అచ్చ కొరియన్ అంకె, నిమిషాలకు చైనానుంచి వచ్చిన అంకె!

నన్ను నిలబెట్టింది ఒక లెక్క. ఇంగ్లీషుతో పెరిగిన తన ఉద్యోగులకు కొరియన్ రావడానికి 2,200 తరగతి గంటలు పడతాయని అమెరికా విదేశాంగశాఖ అంచనా. రోజుకో గంట చొప్పున ఆరేళ్లు! వాక్యం వరస తెలిసినవాళ్లం గనుక మనకు కాస్త తగ్గింపు ఉంటుందనుకోండి. అయినా ఏడాదికే ఏడవడమేమిటి? అప్పటినుంచి వారానికి ఒకే వాక్యం పెట్టుకున్నాను. ఫోనులో వింటూ, దానితోపాటే పైకి అంటూ, అంగట్లో వాడేస్తాను.

ఈ వారం వాక్యం ‘కొంచెం నెమ్మదిగా చెప్పండి’. దాన్ని ఎంత ధారాళంగా అంటున్నానంటే, విన్నవాళ్లు నాకు భాష బాగా వచ్చుననుకుని మరింత వేగం పెంచుతున్నారు!