అద్దె గది కూడా అమానతే

అరబీ భాషలో ప్రయాణాన్ని ‘సఫర్’ అంటారు. ఆ మాట పుట్టిన ధాతువులో ముసుగు తొలగడం, వెల్లడి కావడం అనే అర్థం ఉన్నది. మనుషుల అసలు స్వభావాన్ని వెల్లడి చేస్తుంది గనుకనే ప్రయాణానికి ఆ పేరు వచ్చిందని మన ఉలమాలు వివరించారు. ఈ వివరణను మదరసాలో ఎన్నో ఏండ్లుగా విద్యార్థులకు చెబుతూ వచ్చాము. గత చలికాలంలో సూర్యలంక సముద్రతీరాన ఒక కట్టెల కుటీరంలో గడిపిన రెండు రాత్రులు ఆ మాట అర్థాన్ని మాకే బోధించాయి.

మేము ఉండేది గుంటూరులో. అక్కడి నుండి బాపట్ల సుమారు 50 కిలోమీటర్లు. బాపట్ల నుండి సూర్యలంక మరో 9 కిలోమీటర్లు. ఇంత దగ్గరలో ఉండి కూడా మా ఇంటావిడ ఏనాడూ సముద్రం ఒడ్డున ఒక పూట గడపలేదు. “పెండ్లిళ్ళకూ జనాజాలకూ తప్ప మీ వెంట ఏ ఊరూ చూడలేదు” అని ఆమె ఒకనాడు అన్నమాట మా మనస్సులో నిలిచిపోయింది. అది ఫిర్యాదు కాదు, నిజం. భూమిపై సంచరించి సృష్టిని పరికించమని దివ్య ఖుర్‌ఆన్ పలుమార్లు ఆహ్వానిస్తున్నది. దుబారా లేకుండా, నమాజు తప్పకుండా, పర్దాకు భంగం కలగకుండా కుటుంబంతో కలిసి వెళ్ళిరావడంలో దోషమేమీ లేదు. అందుచేత జనం తక్కువగా ఉండే పనిదినాలను ఎంచుకుని, కుమారుడు, కోడలు, ఎనిమిదేళ్ల మనవడితో సహా బయలుదేరాము.

మేము అద్దెకు తీసుకున్న కుటీరం ఒడ్డుకు కొంత ఎడంగా, సరుగుడు తోపులో ఉన్నది. గోడలకు ఇటుక లేదు, సున్నం లేదు. బెరడు తీసిన సరుగుడు వాసాలను ఒకదాని పక్కన ఒకటి బిగించి గోడలుగా నిలబెట్టారు. నేలకు చెక్కపలకలు, పైన రేకులు, రేకుల మీద తాటాకు. రెండు చిన్న గదులు, ముందు వసారా. ఇసుకనేలలో త్వరగా ఎదిగే చెట్టు గనుక మన కోస్తా పొడుగునా సరుగుడు తోటలు కనిపిస్తాయి. గాలినీ, ఎగిరివచ్చే ఇసుకనూ అవి అడ్డుకుంటాయి. మన పందిళ్ళకు, కట్టడాల సారువలకు వాసాలు ఇచ్చేదీ ఆ చెట్టే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. ఆనాడు కప్పు మీది తాటాకు సగం ఎగిరిపోయినా గోడల వాసాలు మాత్రం కదలలేదని అక్కడి కాపలాదారు చెప్పాడు. అతడు పక్క పల్లెకు చెందిన మత్స్యకారుడు. వేటకు వెళ్ళే శక్తి తగ్గిన తరువాత ఈ పనిలో చేరాడు.

కొత్త చోట దిగగానే అల్లాహ్ పరిపూర్ణ వచనాల శరణు కోరే దుఆను పఠించాము. అక్కడి నుండి బయలుదేరేవరకు ఏదీ హాని చేయదని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) శుభవార్త ఇచ్చిన దుఆ అది. పిమ్మట ఖిబ్లా చూసుకున్నాము. మన తీరంలో ఖిబ్లా పడమరకు కొద్దిగా ఉత్తరంగా ఉంటుంది గనుక నమాజులో నిలబడితే సముద్రఘోష వెనుక నుండి వినిపిస్తుంది. “మామయ్యా, ఇక్కడ ఖస్ర్ చేయాలా?” అని కోడలు అడిగింది. మన ప్రాంతపు హనఫీ ఉలమాలు ఖస్ర్‌కు సాధారణంగా చెప్పే దూరం సుమారు 77 కిలోమీటర్లు. గుంటూరు నుండి సూర్యలంక అంత దూరం లేదు గనుక పూర్తి నమాజే చేయాలని చెప్పాము. హైదరాబాదు నుండి నేరుగా వచ్చి 15 రోజులకన్నా తక్కువ ఉండదలచినవారైతే ఖస్ర్ చేస్తారు. కొళాయి నీరు కాస్త ఉప్పగా ఉన్నది. దానితో వుజూకు ఏ ఆటంకమూ లేదు. సముద్రపు నీరే శుద్ధమైనదని హదీసులో ఉన్నది కదా. ఈ విధంగా మసలాలన్నీ చక్కగా చెప్పి, ఎంతో తృప్తిగా కూర్చున్నాము.

తలుపు వెనుక ఒక కాగితం అంటించి ఉన్నది. అందులో అద్దె వివరాలు చదివాము. దాని కింద ఉన్న నిబంధనలను చదవలేదు.

రాత్రి పది గంటలకు కరెంటు పోయింది. పంకా ఆగగానే దోమలు ముసురుకున్నాయి. ఇంటి నుండి తెచ్చిన దోమల కాయిల్ వెలిగించాము. దాని రేకు స్టాండు ఇంట్లోనే మరచిపోయాము. వసారాలో ఒక మట్టి మూకుడు కనిపించినా, చీకటిలో లేచి వెళ్ళడానికి బద్ధకించి, కాయిల్‌ను ఒక అగ్గిపెట్టె మూతపై ఆనించి గదిలోనే చెక్కనేల మీద పెట్టి నిద్రపోయాము.

ఫజ్ర్‌కు ముందు మెలకువ వచ్చేసరికి గదిలో కాలిన చెక్క వాసన! కాయిల్ పక్కకు ఒరిగి, రెండు పలకలు కలిసే చోట అరచేయి వెడల్పున బొగ్గు చేసింది. ఒకచోట వేలు పట్టేంత రంధ్రం పడింది. చెంబెడు నీళ్ళు పోసి చల్లార్చాము. అల్‌హమ్దులిల్లాహ్, నిప్పు మంటగా లేవలేదు. ఎండిన సరుగుడు, తాటాకు ఉన్న ఆ కుటీరంలో మంట లేచి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. నిద్రించేటప్పుడు ఇండ్లలో నిప్పును అలాగే వదలవద్దని దైవప్రవక్త (స) ఆదేశించారు. మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు కాలిపోయిన వార్త విన్నప్పుడు, నిప్పు మీకు శత్రువు, నిద్రపోయే ముందు దానిని ఆర్పివేయండి అనే భావంలో హెచ్చరించారు. ఈ హదీసును ప్రతి సంవత్సరమూ పాఠంలో చదివిస్తాము. ఆ రాత్రి దానిని గుర్తుంచుకోలేదు.

అటుపై జరిగినది చెప్పడానికే ఈ వ్యాసం వ్రాస్తున్నాము. నేల తుడిచిన తరువాత, ఏ ఆలోచనా లేకుండా, పక్కనున్న చాపను లాగి ఆ మచ్చ మీద పరచాము. అలా ఎందుకు చేశామో మమ్మల్ని మేము ప్రశ్నించుకోలేదు. వుజూకు లేచాము. మనవడు మంచం మీద కూర్చుని చూస్తున్నాడు.

“దాదా, చాప ఇటు ఎందుకు జరిపారు? రాత్రి అటు ఉంది కదా?”

వాడు తప్పు పట్టడానికి అడగలేదు. తెలియక అడిగాడు. మా వద్ద జవాబు లేదు.

దైవప్రవక్త (స) ఒకనాడు మదీనా అంగడిలో ఒక ధాన్యపు రాశి వద్ద ఆగి, అందులోకి చేయి జొనిపారు. లోపల తడి తగిలింది. వర్షానికి తడిసిందని వర్తకుడు చెప్పగా, జనానికి కనిపించేలా దానిని పైన ఎందుకు ఉంచలేదని ప్రశ్నించి, మోసగించేవాడు మావాడు కాడని స్పష్టం చేశారు. తడి ధాన్యం ఉండటం ఆ వర్తకుని నేరం కాదు. వర్షం అతని చేతిలో లేదు. దానిపై పొడి ధాన్యం కప్పి ఉంచడమే నేరం. మా చాపకూ ఆ పొడి ధాన్యానికీ భేదమేమున్నది? పైగా మా విషయంలో తడిపినవారమూ మేమే, కప్పినవారమూ మేమే.

ఇక్కడ ఫిఖ్‌హ్ చెప్పే మాట ప్రతి ఇల్లూ తెలుసుకోవలసినది. అద్దెకు తీసుకున్న వస్తువు అద్దెదారు చేతిలో అమానత్. సక్రమంగా వాడుకుంటుండగా, అతని తప్పు లేకుండా అది చెడిపోతే నష్టపరిహారం అతనిపై పడదు. కాలం తీరిన మంచపు కోడు కూర్చోగానే విరిగితే దానికి అతడు బాధ్యుడు కాడు. అయితే నిర్లక్ష్యం వలనగాని, ఒప్పుకున్న షరతును అతిక్రమించడం వలనగాని నష్టం జరిగితే అతడు చెల్లించవలసిందే. ఫజ్ర్ తరువాత ఆ కాగితాన్ని పూర్తిగా చదివాము. దోమల కాయిల్, కొవ్వొత్తి గదిలో వెలిగించరాదు. వసారాలోని మూకుడులో మాత్రమే పెట్టవలెను అని అందులో స్పష్టంగా ఉన్నది. ఇక మాకు సాకు లేదు.

తెల్లవారాక కాపలాదారును పిలిచి, చాప తొలగించి చూపాము. అతడు వంగి చూసి, “పోన్లెండి సాయిబుగారూ, చాప కింద ఎవరు చూస్తారు? మీరేం మనసులో పెట్టుకోకండి” అన్నాడు.

“యజమాని ఎప్పుడో ఒకప్పుడు చూస్తారు కదా. అప్పుడు ఎవరిని అడుగుతారు?”

అతడు కాసేపు మాట్లాడలేదు. తరువాత, “మీరు వెళ్ళిపోతారు, ఇక్కడుండేది నేనే కదండీ” అన్నాడు. అంతకు ముందు నెలలో ఒక దుప్పటి కనపడకపోతే దాని ఖరీదు అతని జీతంలో పట్టుకున్నారట. నిష్ఠూరమాడకుండానే ఆ సంగతి చెప్పాడు.

ఆ మాటతో మా కాళ్ళ కింది నేల కదిలినట్లయింది. మేము కప్పినది ఒక మచ్చను మాత్రమే కాదు. ఒక పేదవాని కొన్ని రోజుల కూలిని. దైవప్రవక్త (స) అసలైన దివాళాకోరు ఎవరో సహాబాలకు వివరించిన హదీసు మనకు తెలిసినదే. ప్రళయదినాన నమాజులు, ఉపవాసాలు, జకాత్ వెంట తెచ్చుకుని వచ్చినా, ఒకరిని తిట్టి, ఒకరి సొమ్ము తిని, ఒకరిని బాధించి ఉన్నందున అతని పుణ్యాలన్నీ వారికి పంచబడతాయి; చాలకపోతే వారి పాపాలు అతనిపై వేయబడతాయి. ఆ కుటీరంలోనే మేము ఖిబ్లా సరిచూసుకుని, ఖస్రా పూర్తియా అని లెక్కించి చేసిన నమాజులు ఆ కాపలాదారుని ఖాతాలోకి వెళ్ళి ఉండేవి. దిక్కు తప్పకుండా చూసుకున్నాము గాని, హక్కు తప్పకుండా చూసుకోలేదు.

బాపట్లలో ఉండే యజమానికి అప్పుడే ఫోను చేశాము. ఉన్నది ఉన్నట్లు చెప్పి, ఫోటో పంపాము. రెండు పలకలు మార్చడానికి కూలితో కలిపి 1800 రూపాయలు అవుతుందన్నారు. ముందుగా మేము కట్టిన పూచీ సొమ్ము 1000 రూపాయలు ఉంచుకోమని, మిగిలిన 800 పంపాము. తప్పు మాదేననీ, కాపలాదారును ఇందులో అడగవద్దనీ అతని ఎదుటే స్పీకరు పెట్టి చెప్పాము. “సరేనండీ” అన్నారు. నిజం చెప్పినందుకు ఆయన సొమ్ము వదిలివేయలేదు. వదిలివేయాలని ఆశించడం కూడా న్యాయం కాదు. అది ఆయన హక్కు. నిజం చెప్పడం రాయితీ పొందే ఉపాయం కాకూడదు.

ప్రియ పాఠకులారా! ఈనాడు మన కుటుంబాలు సెలవులకు బయటికి వెళ్ళడం పెరిగింది. అద్దె గది అనగానే ‘డబ్బు ఇచ్చాము కదా’ అనే భావన కలుగుతుంది. మనం డబ్బిచ్చి కొన్నది వాడుకొనే హక్కును మాత్రమే, వస్తువును కాదు. అందుచేత దిగగానే నిబంధనలను ఇంటిల్లిపాదీ చదవండి. అంగీకరించిన షరతుకు కట్టుబడటం మన ధర్మం. అంతకు ముందే విరిగినవి, పగిలినవి ఉంటే వెంటనే చెప్పండి. తరువాత ఎవరిపైనా అనుమానం రాదు. కొళాయి, పంకా, దీపం మన ఇంట్లో ఎంత పొదుపుగా వాడతామో అంతే పొదుపుగా వాడండి. వెళ్ళేటప్పుడు చెత్తను ఇసుకలో పూడ్చకుండా తొట్టెలో వేయండి. ఏదైనా పాడైతే వారు కనుగొనక ముందే మీరే చెప్పండి. మన టోపీని, బుర్ఖాను చూసి మన ధర్మాన్ని అంచనా వేసేవారు అక్కడ ఉంటారన్నది నిజమే గాని, ఎవరూ చూడని చాప కింద కూడా అల్లాహ్ చూస్తున్నాడన్నదే మన అసలు విశ్వాసం.

రెండవ రాత్రి కూడా కరెంటు పోయింది. మనవడే వసారాలోకి వెళ్ళి మూకుడు వెతికి, అందులో ఇసుక పోసి, “దాదా, ఇందులో పెట్టండి” అన్నాడు. కాయిల్‌ను వసారాలోనే వెలిగించి, పడుకునే ముందు దానిని ఆర్పాము. కొన్ని దోమలు కుట్టాయి. నిద్ర మాత్రం బాగా పట్టింది.

ప్రయాణంలోనూ నివాసంలోనూ, ప్రజల ఎదుటా చాటునా, మన చేతికి వచ్చిన ప్రతి అమానత్‌ను చెక్కుచెదరకుండా అప్పగించే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.