దాయాదుల వ్యాజ్యము

బలవంతుడు బలహీనుని పీడించుచుండగా చూచి బలహీనుని పక్షము వహించుట మంచివారికి సహజము. ఈ స్వభావమును మేము నిందింపము. కాని పీడింపబడినంత మాత్రముననే వాని వృత్తి పుణ్యవృత్తి యగునా? ఈ ప్రశ్న వేసికొనక కార్చెడి కన్నీరు వివేకముగల కన్నీరు కాదు. అమెరికాలోని యొక పొగాకు కంపెనీ చరిత్రము ఈ విషయమున మనకు చక్కని పాఠము.

టెన్నెసీ రాష్ట్రమున మెంఫిస్ పట్టణములో కాన్‌వుడ్ అను కంపెనీ యుండెను. చుట్టవలె కాల్చి త్రాగునది కాక, పెదవికిని చిగురుకును నడుమ నుంచుకొనెడి తడి పొగాకుపొడిని అది అమ్ముచుండెను. ఆ వ్యాపారములో నాలుగింట మూడుపాళ్లు యునైటెడ్ స్టేట్స్ టొబాకో కంపెనీ చేతిలో నుండగా, కాన్‌వుడ్‌నకు దక్కినది నూటికి సుమారు 13 పాళ్లు మాత్రమే. పెద్ద కంపెనీ మనుష్యులు అంగళ్లలో ప్రవేశించి తన సరకుంచిన అరలను ఊడబెరికి పారవేయుచున్నారనియు, అంగడివారికి తప్పుదారి పట్టించు లెక్కలు చూపి తన సరకునకు చోటు లేకుండ చేయుచున్నారనియు కాన్‌వుడ్ 1998లో వ్యాజ్యము వేసెను. 2000లో కెంటకీలోని జూరీ 35 కోట్ల డాలర్ల నష్టమును నిర్ణయించెను. గుత్తాధిపత్యమును శిక్షించు చట్టమును బట్టి అది మూడు రెట్లయి 105 కోట్లయ్యెను. 2002లో అప్పీలు కోర్టు ఆ తీర్పును స్థిరపరచెను. 2003లో సుప్రీంకోర్టు దానిని మరల విచారింప నిరాకరించెను.

న్యాయము గెలిచినదని లోకులందురు. ఒకరి అరలను మరియొకరు పెరికివేయుట అన్యాయమే గనుక మేమును అట్లే అందుము. కాని ఈ వాదిప్రతివాదుల వంశావళిని కొంచెము విప్పి చూడుడు. 1911లో అమెరికా సుప్రీంకోర్టు ఆనాటి పొగాకు గుత్తసంస్థను ఖండములు చేయుమని తీర్పు చెప్పగా, దాని నస్యశాఖ మూడు కంపెనీలుగా చీలెను. అందొకటి కాన్‌వుడ్‌నకు మూలము. మరియొకటి యునైటెడ్ స్టేట్స్ టొబాకోకు మూలము. కాబట్టి ఇది దేవదానవుల యుద్ధము కాదు, దాయాదుల తగవు. భారతములో దాయాదులు రాజ్యమునకై పోరిరి. వీరు పోరినది కొనువారి పెదవిక్రింది చోటునకై.

ఇక మరియొక వ్యాజ్యమును వినుడు. ఓక్లహోమా రాష్ట్రమున 12 ఏండ్ల ప్రాయముననే ఈ పొడికి అలవాటుపడిన యొక బాలుడు నాలుకపై రాచపుండు పుట్టి 1984లో తన 19వ యేట మరణించెను. తల్లి ఆ పెద్ద కంపెనీమీదనే వ్యాజ్యము వేసెను. 1986లో జూరీ కంపెనీ పక్షముననే తీర్పు చెప్పెను. 1989లో అప్పీలు కోర్టు దానినే స్థిరపరచెను. అరలు పోగొట్టుకొన్నవానికి 105 కోట్లు. కొడుకును పోగొట్టుకొన్న తల్లికి ఒక్క డాలరైనను లేదు. న్యాయాధిపతులను మేము దూషింపము. వర్తకుని నష్టమును కొలుచుటకు చట్టమున కొలపాత్ర కలదు. తల్లి నష్టమును కొలుచుటకు లేకపోయెను.

చిన్నవారు నిలిచినచో పోటీ కలుగుననియు, పోటీవలన ధర తగ్గి కొనువారికి మేలగుననియు అర్థశాస్త్రజ్ఞులు చెప్పుదురు. బియ్యము విషయమున, బట్టల విషయమున నిది నిజమే. విషము చౌకయైన మేలెవ్వరికి? కాన్‌వుడ్ 2001లో గ్రిజ్లీ అను చౌక సరకును దింపగా అది కొలదికాలములోనే దేశమెల్ల వ్యాపించెను. 2006లో సిగరెట్ల వ్యాపారియగు రెనాల్డ్స్ అమెరికన్ 350 కోట్ల డాలర్లిచ్చి కాన్‌వుడ్‌ను కొనెను. 2009లో పెద్ద కంపెనీని ఆల్ట్రియా కొనెను. చిన్నవాని పోరాటము చేరిన తీరమిది!

దూరదేశపు కథ మనకేల అందురేమో. మన దేశమునను గుట్కా, ఖైనీలను నిర్బంధింపవలెనన్నపుడెల్ల "చిన్న పరిశ్రమ, కూలివాని పొట్ట" అను కేక వినవచ్చును. 2016-17 నాటి సర్వేలో మన వయోజనులలో నూటికి 21 మందికి పైగా, అనగా దాదాపు 20 కోట్లమంది, పొగలేని పొగాకును వాడుచున్నట్లు తేలెను. ఇది నరులకు క్యాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధకులు నిశ్చయించిరి. కూలివాని పొట్ట మాకును పట్టినదే. వానికి వేరు పంటను, వేరు పనిని చూపుమని ప్రభుత్వమును అడుగుదము. అంతేకాని వాని పొట్టను అడ్డము పెట్టుకొని మన పిల్లల నోళ్లను అమ్ముకొనుటకు సమ్మతింపము.

పన్నెండేండ్ల బాలురు దినదినమును మా యెదుట కూర్చుండి పాఠము చెప్పించుకొనువారు. కావున మేమొక చిన్న పనిని కోరుచున్నాము. విద్యాలయమునకు నూరు గజముల లోపల పొగాకు అమ్మరాదనియు, 18 ఏండ్లు నిండనివారికి ఎచ్చటను అమ్మరాదనియు 2003 నాటి చట్టము శాసించుచున్నది. చదువరులు తమ పిల్లల బడి గుమ్మమునుండి ఆ నూరు గజములును ఒకసారి నడిచి చూతురు గాక. దారిలో పొట్లములు వ్రేలాడు అంగడి కనబడినచో, ఆ అంగడివాడు చిన్నవాడా పెద్దవాడా యని విచారింపక, చట్టమును వానికి చదివి వినిపింతురు గాక.