తొట్టికి తగ్గ చేపా? చేపకు తగ్గ తొట్టా?



వార్షికోత్సవ సంచికలో చేప గురించి వ్యాసమేమిటని కొందరు నవ్వుకోవచ్చు. ఉద్యోగాలు, పోటీ పరీక్షలు, హాస్టల్ సమస్యలు, అంబేద్కర్ ఆశయాలు... రాయదగిన విషయాలు చాలానే ఉన్నాయి. అయినా ఈసారి మన స్టడీ హాలులో కిటికీ పక్కనున్న గాజు తొట్టి గురించే రాయదలచాను. ఆ తొట్టి విషయమై మనలో మనకు కొన్నాళ్ళుగా తగవు నడుస్తోంది. ఆ తగవులో పదే పదే వినిపిస్తున్న ఒక మాటకు సమాధానం చెప్పకుండా ఉండకూడదనిపించింది.

తొట్టిలో ఉన్నది ఆస్కార్ చేప. నెల్లూరులో కొని తెచ్చినప్పుడు బొటనవేలంత ఉండేది. ఇప్పుడు జానెడు దాటింది. దీని స్వస్థలం దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీ ప్రాంతం. మన కాలువల్లో కనిపించే తిలాపియా కూడా ఈ కుటుంబానికి చెందినదే. ఆస్కార్ వేటాడే చేప. నోట్లో పట్టే ప్రాణి ఏదైనా దానికి ఆహారమే. సరైన చోటు దొరికితే అడుగు పొడవు పెరుగుతుంది, పదేళ్ళకు పైగా బతుకుతుంది. మనిషి దగ్గరికొస్తే గుర్తుపట్టి గాజు దగ్గరికి వస్తుంది. చెన్నైలోని కొళత్తూరు వంటి రంగు చేపల సంతల్లో ఇలాంటి పిల్లలు చిన్న ప్లాస్టిక్ సంచుల్లో కనిపిస్తాయి. అది రేపు ఎంత అవుతుందో అమ్మేవారు చెప్పరు, కొనేవారు అడగరు.

ఇప్పుడు దాన్ని ఏం చేయాలన్నదే తగవు. కాలువలో వదిలేద్దామని కొందరంటున్నారు. దుకాణానికి తిరిగి ఇచ్చేద్దామని మరికొందరు. ఎక్కువమంది అనే మాట మాత్రం ఇది: "ఏమీ చేయనక్కర్లేదు. చేప తొట్టికి తగ్గట్టే పెరుగుతుంది. తొట్టి ఎంతో చేప అంతే."

ఈ మాట తప్పు. దీన్ని పెద్ద తొట్టిలోకి, మంచి ఫిల్టరు ఉన్న తొట్టిలోకి మార్చాలి. ఇదే నా అభిప్రాయం.

ఇరుకు తొట్టిలో చేప పెరుగుదల తగ్గే మాట నిజమే. కానీ చోటు చూసుకుని, లెక్క వేసుకుని అది పెరగడం మానదు. నీళ్ళు పాడవుతాయి, ఒత్తిడి పెరుగుతుంది, మేత ఒంటబట్టదు. వెన్ను వంకరపోవచ్చు, రెక్కలు చివికిపోవచ్చు, రోగాలు సులభంగా అంటుకుంటాయి. పదేళ్ళు బతకవలసింది ముందుగానే పోవచ్చు. దానిని "సర్దుకుపోయింది" అనుకుంటే మనం చేపను సరిగా చూడనట్టే.

ఈ సంగతి తెలుసుకోవడానికి అమెజాన్ దాకా పోనక్కర్లేదు. మన మైపాడు తీరంలో అందరికీ తెలిసిన పండుగప్పను చూడండి. అదీ వేటాడే చేపే. సముద్రంలో గుడ్లు పెడుతుంది, పిల్లలు నదీముఖాల్లో, ఉప్పుటేరుల్లో పెరుగుతాయి. చెన్నైలోని కేంద్రీయ ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ 1997లో దీన్ని హేచరీలో పిల్ల తీయించింది. ఆ పిల్లల్ని పెంచడంలో మొదటి కష్టం ఏమిటంటే, అవి ఒకదాన్నొకటి మింగుతాయి. ఒకే రోజు పుట్టినవే అయినా కొన్ని త్వరగా పెరిగి తోటివాటిని తినేస్తాయి. అందుకే నర్సరీలో కొద్దిరోజులకొకసారి సైజు వారీగా వేరుచేస్తారు. తొట్టి నుంచి హాపా వలలోకి, హాపా నుంచి గుంటలోకి, పెరిగేకొద్దీ పెద్ద చోటుకు మారుస్తారు. తొట్టిలోనే ఉంచితే తొట్టికి తగ్గట్టు ఉంటుందిలే అని ఏ రైతైనా అనుకుంటే ఆ పంట ముగిసినట్టే. వేటాడే చేపకు పెద్ద చోటు, మంచి నీళ్ళు ఇవ్వడం మన తీరంలో విలాసం కాదు, రోజువారీ పని.

ఇక నీళ్ళ సంగతి. "మన తొట్టిలో నీళ్ళు తేటగానే ఉన్నాయి కదా" అని ఒక తమ్ముడు అడిగాడు. తేట నీళ్ళన్నీ మంచి నీళ్ళు కావు. చేప ఒంట్లో తయారయ్యే అమ్మోనియా ఎక్కువగా మొప్పల ద్వారా నీటిలోకి వస్తుంది. మిగిలిపోయిన మేత కుళ్ళినా అదే వస్తుంది. అది కంటికి కనబడదు, మొప్పలను మాత్రం కాల్చేస్తుంది. నీటి పీహెచ్ పెరిగేకొద్దీ దాని విషం ఎక్కువవుతుంది. మాంసాహారి చేప తినేది మాంసకృత్తులు ఎక్కువున్న మేత గనుక అది వదిలే అమ్మోనియా కూడా ఎక్కువే.

ప్రకృతిలో దీనికి విరుగుడు ఉంది. నైట్రోసోమోనాస్ వంటి బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. నైట్రోస్పైరా, నైట్రోబాక్టర్ వంటివి ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ విషాలే. నైట్రేట్ అంత ప్రమాదం కాదు, వారం వారం కొన్ని నీళ్ళు మారిస్తే పోతుంది. ఫిల్టరు అంటే చెత్తను వడగట్టే జల్లెడ మాత్రమే అనుకుంటాం. నిజానికి అది ఈ బాక్టీరియా కాపురముండే ఇల్లు.

ఈ పాఠం నేను ఎమ్మెస్సీ పుస్తకంలో చదవకముందే మా ఇంట్లో విన్నాను. మా నాయన రొయ్యల గుంటల మీద పనిచేస్తాడు. బడి మెట్లు ఎక్కినవాడు కాదు. కానీ చెక్ ట్రేలో మేత మిగిలితే నీళ్ళలో ఏదో తేడా వచ్చిందని చెప్పగలడు. తెల్లవారుజామున రొయ్యలు పైకి తేలితే ఆక్సిజన్ తగ్గిందని, ఏరియేటర్లు వెయ్యమని కేక వేస్తాడు. అడుగున నల్లమట్టి చేరితే "గ్యాస్ పట్టింది" అంటాడు. నేను మొదటిసారి ల్యాబులో అమ్మోనియా పరీక్ష చేసినప్పుడు, నాయన అన్న గ్యాస్‌లో ఒకటి ఇదేనని అర్థమైంది. 1990వ దశకంలో తెల్లమచ్చ వైరస్ వచ్చి టైగర్ రొయ్య సాగు దెబ్బతిన్నప్పుడూ, 2009 తర్వాత వనామి వచ్చినప్పుడూ, నష్టపోయి లేచిన మన ఊళ్ళు నేర్చుకున్నది ఒకటే: మేతకంటే, మందుకంటే ముందు నీళ్ళు చూసుకోవాలి.

మనలో చాలామంది తల్లిదండ్రులు ఈ గుంటల మీదే కూలికి పోతారు. వాళ్ళ దగ్గరున్నదాన్ని "పనితనం" అంటాం గాని "విజ్ఞానం" అనం. ఆ మాట మార్చుకోవలసిన సమయం వచ్చింది. ఈ తొట్టి ఆ పనికి మంచి అవకాశం.

ఏం చేయాలో క్లుప్తంగా చెబుతాను. ఇప్పుడున్న తొట్టి రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అంచుదాకా నింపినా 57 లీటర్లు పట్టదు. చేప తిరగబడాలంటే ఒళ్ళు వంచవలసి వస్తోంది. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టిలో సుమారు 255 లీటర్లు పడతాయి. అంటే నాలుగున్నర రెట్లు. ఒక్క ఆస్కార్‌కు ఇది కనీసం, ఇంకా పెద్దదైతే మరీ మంచిది. నీళ్ళ బరువే ఐదు బియ్యం బస్తాలంత ఉంటుంది కాబట్టి బల్ల మీద పెట్టరాదు. కింది అంతస్తులో, సమంగా ఉన్న గట్టి స్టాండు మీద పెట్టాలి. పైన మూత తప్పనిసరి, ఆస్కార్ ఎగురుతుంది.

ఫిల్టరుకు గంటకు వెయ్యి లీటర్లకు తగ్గకుండా నీళ్ళు తోడే పంపు కావాలి. ఖాళీ ప్లాస్టిక్ డ్రమ్ములో స్పాంజి, కడిగిన గులకరాళ్ళు, గిన్నెలు తోమే ప్లాస్టిక్ పీచు వేసి మనమే తయారు చేసుకోవచ్చు. పంపు 30 వాట్లది అనుకుంటే, రాత్రింబవళ్ళు తిరిగినా నెలకు 22 యూనిట్లు దాటదు. కరెంటు పోయినప్పటికి బ్యాటరీతో నడిచే చిన్న గాలి మోటారు ఒకటి ఉండాలి. గుంటల దగ్గర జనరేటర్ ఎందుకో, ఇక్కడ ఇది అందుకే.

అన్నిటికంటే ముఖ్యం తొందరపడకపోవడం. కొత్త ఫిల్టరులో బాక్టీరియా స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందుకే పాత తొట్టిలోని స్పాంజిని కడగకుండా కొత్త ఫిల్టరులో పెట్టాలి. స్పాంజిని ఎప్పుడు కడిగినా తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే పిండాలి. క్లోరిన్ కలిసిన కుళాయి నీళ్ళు తగిలితే బాక్టీరియా చస్తాయి. మన తీరంలో కొన్ని బోర్ల నీళ్ళు ఉప్పగా ఉంటాయి గనుక ఏ నీళ్ళు పోస్తున్నామో ముందే చూసుకోవాలి. మార్చే ముందు రోజు మేత వేయకూడదు. వలతో ఎత్తకుండా బకెట్లోకి నెమ్మదిగా తోలి, కొత్త నీళ్ళు కొద్దికొద్దిగా కలుపుతూ అలవాటు చేసి వదలాలి.

మొదటి నెలంతా అమ్మోనియా, నైట్రైట్ పరీక్షలు చేస్తుండాలి. గుంటల వాళ్ళు వాడే పరీక్ష కిట్లు మన మండలంలోనే దొరుకుతాయి. ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. ఉప్పునీటి గుంటలో నైట్రైట్ అంత త్వరగా చంపదు, ఉప్పులోని క్లోరైడ్ దాన్ని మొప్పల్లోకి పోకుండా అడ్డుకుంటుంది. మంచినీళ్ళలో ఆ కాపు తక్కువ. కాబట్టి గుంటలో చెల్లిన అంకె తొట్టిలో చెల్లదు. ఇక వేడుక కోసం బతికున్న చిన్న చేపల్ని వేయడం మానాలి. వాటితోపాటు రోగాలూ వస్తాయి. గుళికల మేత, అప్పుడప్పుడు ఒక రొయ్య ముక్క చాలు.

కాలువలో వదిలేద్దామనే మిత్రులకు ఒక మాట. అది దయలా కనిపిస్తుంది గాని దయ కాదు. అమెరికాలోని ఫ్లోరిడా కాలువల్లో బయటి నుంచి వచ్చిన ఆస్కార్లు స్థిరపడిపోయాయి. మన దగ్గర నిషేధించిన ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌తో పడుతున్న బాధ తెలిసిందే. తొట్టి గోడల మీది నాచు తింటుందని అక్వేరియం కోసం తెచ్చిన సక్కర్ చేప ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ చెరువుల్లో, నదుల్లో వలలకు చిక్కి చేపలు పట్టేవాళ్ళను ఏడిపిస్తోంది. పెన్నా కాలువల్లో పరిగెలు, జెల్లలు, బొమ్మిడాయిలు పట్టుకుని పూట గడుపుకునే కుటుంబాలు మన చుట్టూనే ఉన్నాయి. మన తొట్టి భారం తీసుకెళ్ళి వాళ్ళ వల మీద వేసే హక్కు మనకు లేదు.

"మెస్‌లో కూరే పలచగా ఉంటే చేపకు ఫిల్టరా?" అని అడిగేవారి ప్రశ్న న్యాయమైనది. దాన్ని నేను కొట్టిపారేయను. మెస్ డబ్బులో ఒక్క రూపాయి కూడా దీనికి వాడకూడదు. పిల్లల దుప్పట్లకో, పుస్తకాలకో దాతలిచ్చిన డబ్బూ ముట్టకూడదు. ఉద్యోగాల్లో ఉన్న పూర్వ విద్యార్థులం తలా కొంత వేసుకుంటాం. అలా కుదరకపోతే, పెద్ద తొట్టి ఉండి బాగా చూసుకునేవారిని వెతికి అప్పగిద్దాం, మళ్ళీ ఇలాంటి చేపను కొనకుండా ఉందాం. ఈ రెండూ గౌరవమైన దారులే. చూస్తూ చూస్తూ ఇరుకులో ఉంచడం మాత్రం దారి కాదు.

చివరిగా, "తొట్టి ఎంతో చేప అంతే" అన్న మాట నాకెందుకు గుచ్చుకుందో చెప్పాలి. మా వంశంలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాణ్ణి నేను. పది పాసైనప్పుడు "ఇంక చాల్లే, ఏదో ఒక పని చూసుకో" అన్నారు. డిగ్రీ తర్వాత పీజీలో చేరతానంటే "మీ ఇంటికి ఇది ఎక్కువే కదా" అన్నారు. వాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. ఇంటి కొలత చూసి మనిషి కొలత చెప్పారంతే. ఈ హాస్టల్ పుట్టిందే ఆ లెక్క తప్పని చెప్పడానికి. ఒక ట్రంకు పెట్టె, ఒక చాప, రాత్రి చదువుకోవడానికి ఒక లైటు. మా ఇంటికంటే కాస్త పెద్ద చోటు దొరికింది. దాంతో ఎంత తేడా వచ్చిందో ఈ సంచిక చదువుతున్న ప్రతి పూర్వ విద్యార్థికీ తెలుసు. అయినా మనకు, చేపకు ఒక తేడా ఉంది. మనం గేటు దాటి బయటికి నడిచి రాగలిగాం. అది రాలేదు. దాన్ని అక్కడ పెట్టింది మనుషులే గనుక మార్చవలసిందీ మనుషులే.

అందుచేత నా ప్రతిపాదన ఇది. ఈ వార్షికోత్సవ సభలోనే కొత్త తొట్టికి చందా మొదలుపెడదాం. ఎనిమిది, తొమ్మిది తరగతుల తమ్ముళ్ళు వంతులవారీగా నీళ్ళు పరీక్షించి ఒక నోటుబుక్కులో రాస్తుండాలి. గుంటల మీద పనిచేసే తండ్రుల్లో ఒకరిని పిలిచి, నీళ్ళ రంగు చూసి ఏం చెప్పవచ్చో ఆయన చేతనే పాఠం చెప్పిద్దాం. ఆ రోజు ఆయనకు వేదిక మీద కుర్చీ వేద్దాం.

ఆలోచించండి. అభిప్రాయభేదం ఉంటే సభలో చెప్పండి, వాదించుకుందాం. ఈలోగా తొట్టిలో మేత తగ్గించండి, వారానికొకసారి నాలుగో వంతు నీళ్ళు మార్చడం మరువకండి.

— ఒక పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ.
ఇందుకూరుపేట