"ఇంకో ఆర్నెల్లు చూద్దాం" అనే మాట ఇక చాలు!
పిల్లల ఎదుగుదల పరీక్ష మన హక్కు. కలిసి అడుగుదాం!

అమ్మలారా! అయ్యలారా! అమ్మమ్మలారా, తాతలారా!

బిడ్డకు రెండేళ్ళు నిండాయి. మాట రాలేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. ఇంట్లో ఏమంటారు? "మగపిల్లలకు మాటలు ఆలస్యమే!" "వాళ్ళ నాన్నకూ మూడేళ్ళ దాకా రాలేదు!" "వస కొమ్ము అరగదీసి నాకించు!" డాక్టరు దగ్గరికి పోతే అక్కడా అదే పాట: "ఇంకో ఆర్నెల్లు చూద్దాం!"

ఎవరివా ఆర్నెల్లు? మన బిడ్డవి! మొదటి మూడేళ్ళలో మెదడు ఎదిగినంత జోరుగా మళ్ళీ ఎన్నడూ ఎదగదు. పోయిన ఆ కాలాన్ని ఎవరు తెచ్చిస్తారు?

నింద మాత్రం తల్లికే! "కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావో!" "పొద్దంతా ఫోనిచ్చి చెడగొట్టావు!" పెళ్ళికి తీసుకెళ్తే చుట్టాల గుసగుసలు. బడికి తీసుకెళ్తే "వేరే బడి చూసుకోండి." ప్రైవేటు థెరపీకి పోతే పూటకు వందలు, నెల తిరిగేసరికి వేలు. ఆటో నడిపే తండ్రి ఎక్కడ తెస్తాడు? పత్తి ఏరే తల్లి ఒకరోజు కూలి వదులుకుని, రెండు బస్సులు మారి జిల్లా దవాఖానకు వస్తే "మేడం సెలవు, వచ్చే నెల రా!" మళ్ళీ కూలి పోవాల్సిందేనా?

మనం అడిగేది దానం కాదు!

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచే ఉంది. పుట్టిన బిడ్డ మొదలు 18 ఏళ్ళ దాకా పిల్లలకు ఉచిత పరీక్ష. వైద్య బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు రావాలి. అనుమానం ఉన్న బిడ్డను జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. పిల్లల డాక్టరు, ఫిజియోథెరపిస్టు, స్పీచ్ థెరపిస్టు, సైకాలజిస్టు అక్కడ ఒకేచోట ఉండాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 25వ సెక్షన్ కూడా చెబుతోంది: పిల్లలందరినీ ఏడాదికి ఒక్కసారైనా పరీక్షించాలి!

మరి జరుగుతున్నదేమిటి? బండి వస్తుంది. బరువు తూస్తారు. జబ్బకు టేపు చుడతారు. నాలుక చాపమంటారు. రిజిస్టరులో టిక్కు పెట్టి వెళ్ళిపోతారు. "వీడు పిలిస్తే పలుకుతాడా? వేలు పెట్టి చూపిస్తాడా?" అని అడిగే తీరిక ఎవరికుంది? అంగన్‌వాడీ టీచరమ్మ మీద అరవకండి. రిజిస్టర్ల బరువు మోసే ఆమె కూడా మనలో మనిషే. ఆమెనూ కలుపుకుని పైవాళ్ళను అడుగుదాం!

ఈ గుర్తుల్లో ఏ ఒక్కటి ఉన్నా ఆగొద్దు!

★ 3 నెలలు దాటినా ముఖం చూసి నవ్వడం లేదా?
★ 6 నెలలకూ మెడ నిలవలేదా?
★ 10 నెలలకూ ఆసరా లేకుండా కూర్చోవడం లేదా?
★ ఏడాది దాటినా పిలిస్తే చూడడం లేదా?
★ 18 నెలలకూ నడక రాలేదా?
★ 2 ఏళ్ళకూ "పాలు కావాలి" లాంటి రెండు మాటలు కలపడం లేదా?
★ వచ్చిన మాటలే పోయాయా? అయితే ఒక్కరోజు కూడా ఆగొద్దు!

గుర్తు కనబడితే జబ్బు ఖాయమని కాదు. పరీక్ష ఖాయంగా కావాలని! మాట రాని బిడ్డకు ముందు చెవి పరీక్ష చేయించండి. వినబడని బిడ్డకు మాట ఎలా వస్తుంది? వైకల్య సర్టిఫికెట్ ఇంకా రాలేదని థెరపీ ఆపొద్దు. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని జాతీయ సంస్థలోనూ చిన్నపిల్లలకు పరీక్షలు, థెరపీ ఉన్నాయి. దగ్గరున్నవాళ్ళు వెళ్ళండి. దూరాన ఉన్నవాళ్ళ సంగతేమిటి? అందుకే ఈ పోరు!

మన డిమాండ్లు:

1. ప్రతి జిల్లా సత్వర చికిత్సా కేంద్రంలో స్పీచ్ థెరపిస్టు, సైకాలజిస్టు పోస్టులు నింపాలి!
2. అంగన్‌వాడీ పరీక్షలో మాట, చూపు, నడక, ఆట అన్నీ చూడాలి. ఫలితం తల్లి చేతికి కాగితం మీద ఇవ్వాలి!
3. వారం వారం థెరపీ మండలంలోనే అందాలి. అప్పటిదాకా బస్సు చార్జీలు ఇవ్వాలి!

ఏం చేద్దాం? రేపే అంగన్‌వాడీకి వెళ్ళి, బృందం చివరిసారి ఎప్పుడొచ్చిందో అడుగుదాం. రాకుంటే అర్జీ రాద్దాం. సోమవారం ప్రజావాణిలో పిల్లలతో సహా కలెక్టరు ముందు నిలబడదాం. అర్జీ ఇచ్చిన రసీదు జాగ్రత్త! జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అడుగుదాం. 30 రోజుల్లో చెప్పి తీరాలి!

మీ బిడ్డ బాగానే ఉన్నాడా? సంతోషం! పక్కింటి బిడ్డ కోసం రండి. ఒక్క తల్లి పోతే "వచ్చే నెల రా" అంటారు. వాడంతా కదిలి వస్తే కుర్చీ వేసి మాట్లాడతారు. సిగ్గు మనది కాదు. తప్పు మన బిడ్డది కాదు. ఈ కరపత్రం చదివి పారేయకండి, ఇంకో తల్లి చేతిలో పెట్టండి. సోమవారం అందరం కలెక్టరేట్ దగ్గర కలుద్దాం!

ఇట్లు,
మీలాంటి తల్లిదండ్రులమే